ఇస్త్రీ పెట్టె మీద నింద

గురువారం పదకొండు గంటలకి భుజం కోయించుకోబోతున్నానని మా అమ్మాయి నాకు మంగళవారం పొద్దున పళ్లు తోముకుంటూ, నురగ నోటితో చెప్పింది. జుట్టు కొసలు కత్తిరించుకుంటానన్నంత తేలిగ్గా చెప్పింది.

"ఏం కోయించుకుంటావు?" అన్నాను.

"ఇదిగో, ఇది." చొక్కా పక్కకి జరిపి చూపించింది. ఎడమ భుజం మీద, ఈత డ్రస్సు పట్టీ ఒరుసుకునే చోట, బఠాణీ గింజంత బుడిపె. ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. "మొటిమే కదా అని గిల్లాను. పోలేదు సరికదా, పెరుగుతోంది. మూడు వారాల్లో కొత్త ఉద్యోగం. రోజంతా అందరి ముందూ ఈత డ్రస్సులో నిలబడాలి. దీన్ని పెట్టుకుని ఏం నిలబడతాను? వీధి చివర క్లినిక్‌లో అడిగితే ఐదు నిమిషాల పనన్నారు. పది రోజుల్లో కుట్లు కూడా తీసేస్తారట."

"దురద పెడుతోందా?"

"పెడుతుంది. నీకెలా తెలుసు?"

నేను వంటగదిలోకి వెళ్లి, వెలిగించని పొయ్యి మీద గిన్నె పెట్టి నిలబడ్డాను.

మా అమ్మాయిని ఇంట్లో చేప అంటాం. ఐదేళ్లప్పుడు నీళ్లలో దింపితే మళ్లీ బయటికి రానని ఏడ్చింది, అప్పటి నుంచీ అదే పేరు. ఇప్పుడు ఇరవై రెండేళ్లు. ఈతకొలనులో చిన్నపిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం కోసం రెండేళ్లు తిరిగింది. అందుకే దాని తొందర నాకు అర్థమయింది. నా తొందరే దానికి అర్థం కాదు, ఎందుకంటే నేను చెప్పలేదు.

నా ఛాతీ మధ్యలో ఒక మచ్చ ఉంది. మచ్చ అంటే మరక కాదు. నా చిటికెన వేలంత పొడవు, అంతకన్నా లావు, రెండు కొసలా పక్కలకి పాకింది. ఉక్కపోస్తే దురద, చలేస్తే లాగుడు. డాక్టర్లు దాన్ని కెలాయిడ్ అంటారు. నేను మాత్రం అందరికీ "ఇస్త్రీ పెట్టె కాలింది" అని చెప్పాను.

నిజం ఇంత. చేప చంటిపిల్లగా ఉన్నప్పుడు నాకు అక్కడొక మొటిమ లేచింది. గిల్లాను. అది బుడిపె అయింది. ఎవరో కోయించుకోమంటే కోయించాను. నాలుగు నెలలు తిరక్కుండా రెట్టింపయి తిరిగొచ్చింది. గోటితో గిల్లిందానికి కత్తి పెట్టించుకుని, కత్తితో పోనిదాన్ని ఏం చేయాలో తెలియక గుండీలు పెట్టుకున్నాను.

నేను దర్జీని. కోట్లూ యూనిఫారాలూ కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించేది నేనే. కొలతలు తీసుకోవాలంటే మనిషికి జానెడు దూరంలో నిలబడాలి, భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఒకరోజు ఒకావిడ నా మెడ కింద చూసి వెనక్కి జరిగింది. "అది అంటుకునేదేమైనానా?" అంది. నా నోటికి ముందూ వెనకా లేదు. "ఇస్త్రీ పెట్టెండీ, కాలింది," అన్నాను. ఆవిడ మొహం చప్పున మెత్తబడింది. దర్జీదానికి ఇస్త్రీ పెట్టె కాలితే అది పనిలో తగిలిన దెబ్బ, గౌరవం. మొటిమ గిల్లుకుంటే ఏం గౌరవం?

అంతటితో ఆపితే బాగుండేది. కానీ అడిగినవాళ్లందరికీ చెప్పగా చెప్పగా కథకి చేతులూ కాళ్లూ వచ్చాయి. ఎలా కాలిందని ఇంకొకావిడ గుచ్చి గుచ్చి అడిగితే, పాకే పిల్ల వైరు లాగిందన్నాను. పెట్టె పిల్ల మీద పడబోతుంటే గుండెకి అడ్డం పెట్టుకున్నానన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. తల తిప్పి చూస్తే, నాలుగేళ్ల చేప బల్ల కింద గుడ్డముక్కల్లో కూర్చుని, నోరు తెరుచుకుని వింటోంది.

అది నిజం కాదని అప్పుడే చెప్పాల్సింది. చేప నా దగ్గరికొచ్చి ఆ మచ్చ మీద ముద్దు పెట్టింది. ఆ తరవాత ఇంకేం చెప్పను?

పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో ఆ కథ గోడకి కొట్టిన మేకులా ఉంది. చేప బళ్లో "మా అమ్మ" అని వ్యాసం రాసి మొదటి బహుమతి తెచ్చుకుంది. కథ నిలబడాలి కాబట్టి నేను దాన్ని ఇస్త్రీ పెట్టె ముట్టుకోనివ్వలేదు. దర్జీ కూతురు నలిగిన బట్టలతో తిరుగుతుందని స్నేహితులు ఏడిపించేవాళ్లు. దానికి ఈ రోజుకీ చొక్కా ఇస్త్రీ చేయడం రాదు.

ఇప్పుడు ఆ చొక్కా కింద, అదే బుడిపె.

మంగళవారం సాయంత్రం మెల్లగా మొదలుపెట్టాను. "వచ్చే నెల చేయించుకోకూడదూ?" అన్నాను. వచ్చే నెలకి ఉద్యోగంలో ఉంటానంది. "అసలు కోయించడమెందుకు, అదే పోతుందిలే," అన్నాను. "పోయేదైతే పెరుగుతుందా అమ్మా," అంది. కత్తి వద్దనడానికి నా దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది, దాన్ని బయటికి తియ్యకుండా వాదించబోతే నా మాటలు నాకే పిచ్చిగా వినిపించాయి.

మా ఆయన బస్సు నడుపుతాడు. నిజం తెలిసిన మనిషి ఆయనొక్కడే. డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"మీరు చెప్పండి," అన్నాను.

"నేనా? నోటితో వేసిన ముడి నోటితోనే విప్పాలి. అదీ వేసిన నోటితోనే. ఇన్నేళ్లూ నీ పరువని నోరు మూసుకున్నాను. ఇప్పుడు దాని భుజం. నువ్వు చెప్పవే."

"దాని మొహం ఎలా చూడను?"

"చెప్పకపోతే ఎలా చూస్తావు?" అని ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. అడ్డంగా మాట్లాడే మనిషైతే పోట్లాడొచ్చు. సరిగ్గా మాట్లాడేవాడితో ఏం పోట్లాడతాం?

బుధవారం నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. క్లినిక్‌కి ఫోన్ చేశాను. గొంతు మార్చి, "రేపు పదకొండింటికి రావాల్సిన అమ్మాయికి జ్వరమండీ, రాదు," అన్నాను. సరేనన్నారు. గెలిచినట్టు అరగంటసేపు పాట పాడుకుంటూ గుడ్డ కత్తిరించాను. కాజాలు కుట్టే ఆవిడ నేను కత్తిరించిన ముక్కలు తీసుకుని వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"వదినా, ఈ కోటు వేసుకునే ఆయనకి రెండూ ఎడమ చేతులేనా?"

చూశాను. రెండూ ఎడమ చేతులే. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చెయ్యని తప్పు. కొత్త గుడ్డ పరిచి సుద్దతో గీశాను. సుద్ద రెండుసార్లు విరిగింది. మచ్చ దురద పెడుతోంది, గోకితే ఇంకా పెడుతుందని తెలిసీ టేపు కొసతో గోకుతున్నాను.

రాత్రి అన్నాల దగ్గర చేప, "ఎవరో నాకు జ్వరమని ఫోన్ చేశారట. క్లినిక్ వాళ్లు ఎలా ఉందో కనుక్కోడానికి నాకే చేశారు. జ్వరం లేదు, వస్తానని చెప్పాను," అంది.

"నేను కాదు," అన్నాను.

"నువ్వని నేననలేదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. మా ఆయన కంచంలోకి వంగి నవ్వు దాచుకున్నాడు. చేప నవ్వలేదు. "భయపడకమ్మా, చిన్న గాటు. నువ్వు నా కోసం అంత కాల్చుకున్నావు, నేను ఈ మాత్రం ఓర్చుకోలేనా?" అని నా చెయ్యి నొక్కింది.

గురువారం పొద్దున అది లేచేసరికే నేను దుకాణానికి పారిపోయాను. అదే మాట, పారిపోయాను. పదింటిదాకా కత్తెర పట్టుకునే ఉన్నాను, గుడ్డ మీద పెట్టలేదు. తలుపు దాకా వెళ్లడం, రావడం. కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నానని కాజాలావిడ అంది. పదిన్నరకి ఒక పెద్దమనిషి కొలతలివ్వడానికి వచ్చాడు. టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పి, గడియారం చూశాను. పది నలభై ఐదు. టేపు లాక్కుని మెళ్లో వేసుకుని, "ఊపిరి అలాగే పట్టుకోండి, వస్తాను," అని రోడ్డు మీద పడ్డాను. పాపం ఆయన ఎంతసేపు పట్టుకున్నాడో తెలియదు.

నాలుగు వీధులు. చెప్పు తెగింది. రెండోది కూడా విప్పి చేత్తో పట్టుకుని నడిచాను, నడిచానో పరిగెత్తానో. క్లినిక్‌లో ముందుగదిలో ఉన్న అమ్మాయి ఏదో అడుగుతుంటే దాటుకుని లోపలికి తోసుకెళ్లాను.

చేప పక్కకి తిరిగి పడుకుని ఉంది. భుజం మీద గోధుమరంగు మందు పూశారు. కుర్ర డాక్టరు సూదిలోకి మత్తుమందు ఎక్కిస్తున్నాడు.

"కోయకండి," అన్నాను.

"మీరెవరమ్మా?"

"దాని తల్లిని. కోస్తే పెరుగుతుంది. నాకలాగే అయింది, చూడండి." మెడ దగ్గర గుండీలు విప్పి చూపించాను. దారంతా నేను వేసుకున్న ఎత్తు అదే. మచ్చ చూపిస్తాను, మాట చెప్పను. డాక్టరుకి మచ్చ చాలు, కూతురికి కథ మిగులుతుంది.

డాక్టరు వంగి చూశాడు. చేప మోచేతి మీద లేచింది. "అమ్మా, నీది కాలినది. నాది మొటిమ. దానికీ దీనికీ ఏం సంబంధం?" అని డాక్టరు వైపు తిరిగింది. "నేను పాకే వయసులో వైరు లాగితే ఇస్త్రీ పెట్టె నా మీద పడబోయిందండీ. అమ్మ అడ్డం వచ్చింది. అప్పటిది." ఈ మాటలు చెప్పేటప్పుడు దాని గొంతు ఎప్పుడూ కొంచెం మారుతుంది. అప్పుడూ మారింది.

డాక్టరు నా వైపు గౌరవంగా చూశాడు. "లోతుగా కాలితే మచ్చ లావెక్కడం చాలామందికి జరిగేదేనమ్మా. అంతమాత్రాన అమ్మాయికీ అలా వస్తుందనలేం. మీరు బయట కూర్చోండి, ఐదు నిమిషాలు." సూది చేతిలోకి తీసుకున్నాడు.

నా అబద్ధం అంత గట్టిగా కుట్టానని నాకు అప్పటిదాకా తెలియదు. 

"కాలలేదు," అన్నాను.

ఇద్దరూ నన్నే చూశారు.

"కాలలేదండీ. మొటిమ. గిల్లుకున్నాను. దీనంతే ఉన్నప్పుడు కోయించాను. నాలుగు నెలల్లో ఇంతయింది. మా అమ్మకీ వీపు మీద ఉండేది."

డాక్టరు సూది బల్ల మీద పెట్టేశాడు. ఒక కాగితం తీసి చూశాడు. "ఇంట్లో ఎవరికైనా మచ్చలు ఇలా పెరిగాయా అని ఇందులో అడిగాం. లేదని రాశారు." దాని గుండ్రటి అక్షరాలు నాకు కనిపించాయి.

"దాని తప్పు లేదు. నేను చెప్పిందే అది రాసింది," అన్నాను.

చేప లేచి కూర్చుంది. మందు చేతి మీదుగా కారుతోంది. తుడుచుకోలేదు.

"వైరు?" అంది.

"వైరు లేదు."

"నేను లాగలేదా?"

"లేదు."

"మరి ఆ రోజు ఏం జరిగింది?"

"ఆ రోజే లేదమ్మా."

అది మంచం దిగింది. తరవాత చొక్కా వేసుకుని, గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని వెళ్లిపోయింది. డాక్టరు ఒక చర్మం డాక్టరు పేరు చీటీ మీద రాసి నా చేతిలో పెట్టాడు. చెప్పుల్లేకుండా వచ్చినదాన్ని చూసి ఆయనకేమనిపించిందో గానీ, తలుపు దాకా వచ్చాడు.

తొమ్మిది రోజులు మా ఇంట్లో మాటల్లేవు. అవసరమైనవి, ఆ చీటీతో సహా, మా ఆయన ద్వారా నడిచేవి. నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. దానికి అరుపులు రావు, అరిస్తే నాకు హాయిగా ఉండేది. రాత్రిళ్లు పక్కగదిలో మంచం కిర్రుమంటే లేచి కూర్చునేదాన్ని. పదో రోజు అది గుమ్మంలో నిలబడి, "చర్మం డాక్టరు నిన్ను కూడా చూడాలంది," అని చెప్పి చెప్పులు వేసుకుంది.

ఆ డాక్టరు పెద్దావిడ. నవ్వదు, తొందరపడదు. మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకరి తరవాత ఒకరిని వేలితో నొక్కి చూసింది.

"దెబ్బ మానాక చర్మం ఆగిపోవాలి. కొందరి చర్మానికి ఆ ఆగడం తెలీదు. దెబ్బ గీత దాటి కూడా పెరుగుతూనే ఉంటుంది. అలాంటిచోట ఉత్తి కత్తి పెడితే అది ఇంకో దెబ్బ, అంతే. ఒక్కోసారి కోయాల్సి వస్తుంది, కానీ వెంటనే సూదులో కిరణాలో తోడుండాలి."

"మరి నాకు?" అంది చేప.

"నీది చిన్నది. బుడిపెలోకే మందు సూదులు, నాలుగు నుంచి ఆరు వారాలకొకటి. నొప్పిగానే ఉంటాయి. బుడిపె మీద అంటించుకునే సిలికాన్ పట్టీ రోజుకి పన్నెండు గంటలు తక్కువ కాకుండా, నెలల తరబడి. గిల్లకు, గోకకు, బట్ట ఒరుసుకోనివ్వకు. ఎక్కడ సూది పొడిపించుకున్నా, కత్తి పెట్టించుకున్నా, ఈ మాట ముందే చెప్పు. చదునవుతుంది, దురద తగ్గుతుంది. ఆనవాలు లేకుండా పోతుందని నేను మాటివ్వను. మళ్లీ తలెత్తినా ఎత్తొచ్చు."

"ఇది అంటుకుంటుందాండీ?" నేనడిగాను.

"అంటుకోదు. క్యాన్సరూ కాదు. ఇరవై ఏళ్లుగా ఎవర్నీ అడగలేదా?"

అడగలేదు. అడగాలంటే నిజం చెప్పాలి కదా. ఆ ఒక్క మాట ఆ కొలతల రోజున నా దగ్గర ఉంటే, ఆవిడ మొహం మీదే చెప్పి టేపు బిగించేదాన్ని.

ఇద్దరికీ సూదులు వేసింది. చేప కళ్లు మూసుకుని ఊరుకుంది. నేను మాత్రం దుకాణంలో కూడా వాడని మాటలు వాడాను. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అది నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"నీ మీద కోపం వచ్చినప్పుడల్లా ఆ మచ్చ చూసి నోరు మూసుకున్నాను. నా వల్లే కదా అని. ఎన్ని కోపాలు మింగానో నీకు తెలుసా?"

"తెలీదు."

"ఇప్పుడవన్నీ వస్తాయి."

"రానీ," అన్నాను.

"అది కూడా పోనీ. ఇస్త్రీ పెట్టె దగ్గరికి నన్ను పోనివ్వలేదు. మొటిమ గిల్లకే అని ఒక్క మాట, ఒక్కసారి అనుంటే సరిపోయేది కదమ్మా."

నేను ఏడ్చాను. ఓదార్చమని కాదు, ఆపుకోలేక. అది ఓదార్చలేదు. లేచి వెళ్లి మంచినీళ్ల సీసా తెచ్చి మా ఇద్దరి మధ్యలో బెంచీ మీద పెట్టింది.

కోపాలు నిజంగానే వచ్చాయి, వాయిదాల మీద. ఏడో తరగతిలో నేను విప్పి చదివిన దాని ఉత్తరం నుంచి మొదలుపెట్టి, నిరుడు నేను ఇచ్చేసిన దాని పాత పరుపు దాకా. కొన్నిటికి నా దగ్గర జవాబుంది, నోటి చివరిదాకా వచ్చింది, మింగాను. ఆ మధ్యలోనే దాని ఈత డ్రస్సు తీసుకుని భుజం పట్టీలు విప్పేశాను. అవి బుడిపె మీదికి రాకుండా మెడ దగ్గరగా జరిపి, లోపల మెత్తటి గుడ్డ వేసి మళ్లీ కుట్టాను. తొడుక్కుని అద్దంలో చూసుకుని, "సరిగ్గా పట్టింది," అంది. ఆ వారం మొత్తానికి నాతో అన్న మంచిమాట అదొక్కటే.

ఉద్యోగంలో చేరిన మొదటి శనివారం, తల్లిదండ్రులు రావచ్చంటే నేనూ వెళ్లాను. చేప రమ్మనలేదు, వద్దనలేదు. గట్టు మీద తడి బెంచీ చివర కూర్చున్నాను. సిలికాన్ పట్టీ తీసేసి నీళ్లలోకి దిగింది. బుడిపె పూర్తిగా బయటే ఉంది, ఎర్రగా, అందరికీ కనబడేలా. నాకు లేచి తువ్వాలు కప్పాలనిపించింది. బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

ఏడేళ్ల పిల్ల ఒకతి, ముందు పళ్లు ఊడినది, చేప మెడ పట్టుకుని వేలాడుతూ దాన్ని వేలితో తాకింది. "అక్కా, ఇదేంటి?"

"కెలాయిడ్," అంది చేప. "మొటిమ గిల్లితే వచ్చింది. మా అమ్మకి ఇంకా పెద్దది ఉంది. అదిగో, అక్కడ కూర్చుంది. వెళ్లి అడుగు."

నా వైపు చూసింది. నవ్వుతూ కాదు. ఏం చెబుతానో వినడానికి చూసింది.

పిల్ల గట్టెక్కి, నీళ్లు కారుతూ వచ్చి నా ముందు నిలబడింది. చుట్టూ తల్లులున్నారు, తండ్రులున్నారు. ఇద్దరు నా దగ్గర కోట్లు కుట్టించుకున్నవాళ్లు.

"ఆంటీ, మీకెలా వచ్చింది?"

నా నోరు ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ 'ఇ' దగ్గర తెరుచుకుంది. మూసుకున్నాను. పై రెండు గుండీలూ విప్పాను.

"నేనూ మొటిమ గిల్లుకున్నాను," అన్నాను. నీళ్లలో ఉన్న దానికి కూడా వినబడేటంత గట్టిగా.

పిల్ల దగ్గరికి వంగి చూసింది.

"అంతేనా?" అని, ముక్కు మూసుకుని నీళ్లలోకి దూకేసింది.